ఊఁ కొట్టేవాళ్ళు ఉంటేనే కథ

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత. చెప్పేవాళ్ళ వైపు నిలబడి చూస్తే గానీ తెలీదు, అసలు లోకువ ఎవరో! వినేవాడు ఒక్కసారి ఆవలిస్తే చాలు, చెప్పేవాడి ప్రాణం సగం పోతుంది. అందుకే కథ చెప్పే అమ్మమ్మలు ముందే షరతు పెట్టేవారు, ఊఁ కొడుతూ ఉండాలని. ఊఁ ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయినట్టే, ఆ పూటకి కథ ముగిసినట్టే.

ఇప్పుడు ఆ ఊఁ కొట్టే పని బొటనవేలికి వచ్చింది. ఫోనులో వీడియో నచ్చితే వేలు ఆగుతుంది, నచ్చకపోతే పైకి తోసేస్తుంది. "ఈ కాలం వాళ్ళకి రెండు నిమిషాలు నిలకడ లేదమ్మా" అని మనం నిట్టూరుస్తాం. "మొదటి రెండు మూడు సెకన్లలో పట్టుకోకపోతే అంతే సంగతులు" అంటారు ఆ వీడియోలు తీసేవాళ్ళు. నిలకడ లేకపోవడం నిజంగా ఈ కాలం తెచ్చిన జబ్బేనా? పాత సంగతులు కాస్త తిరగేస్తే అలా అనిపించదు.

హరికథనే చూడండి. ఆ కళకి పితామహుడని పేరు పొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) తీర్చిదిద్దిన పద్ధతిలో పాట, పద్యం, వచనం, నృత్యం ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఏదీ విసుగుపుట్టేదాకా సాగదు. అప్పటికీ సభలో కునికిపాట్లు కనిపిస్తే హరిదాసు చటుక్కున ఒక పిట్టకథ అందుకుంటాడు. బుర్రకథలోనైతే కథకుడికి అటొకరు ఇటొకరు వంతలు. ఒకరు నవ్వించడానికి, ఇంకొకరు వర్తమాన రాజకీయం చెప్పడానికి. షేక్ నాజర్‌గారి బుర్రకథకి ఊళ్ళకి ఊళ్ళు కదిలివచ్చాయంటే వీరగాథ ఒక్కటే కారణం కాదు, మధ్యమధ్య విసిరిన ఆ చెణుకులు కూడా. చూశారా, మన తాతలకీ నిలకడ అంతంతమాత్రమే! తేడా అల్లా ఒకటే. పిట్టకథ ఎంతదూరం ఎగిరినా మళ్ళీ అసలు కథ కొమ్మ మీదే వాలేది.

అచ్చులోకి వచ్చాకా ఇదే తంతు. ఇంగ్లండులో డికెన్స్ 1836లో 'పిక్విక్ పేపర్స్' నెలకో భాగం చొప్పున వెలువరించడం మొదలుపెట్టాడు. మొదట్లో వెయ్యి ప్రతులు చెల్లడమే కష్టమైంది. నాలుగో భాగంలో శామ్ వెల్లర్ అనే మాటకారి నౌకరు అడుగుపెట్టాక గిరాకీ పెరిగి, చివరికి 40,000 దాకా వెళ్ళింది. 1881లో జార్జి న్యూన్స్ అనే ఆయన 'టిట్-బిట్స్' అని ఒక వారపత్రిక పెట్టాడు. అందులో అన్నీ తునకలే. చిన్న చిన్న వింతలు, నాలుగు ముక్కల కథలు. కొత్తగా చదువు నేర్చి, రైల్లో పనికి వెళుతూ చదువుకునేవాళ్ళకి అది అచ్చంగా సరిపోయింది. మన వారపత్రికల సీరియళ్ళకి 'సశేషం' ఎంత బలమో నేను చెప్పాలా? కథానాయిక తలుపు తీసి "మీరా!" అనగానే ఆ వారం పేజీ అయిపోవాలి. సీరియల్ రాసే మా బోటివాళ్ళ బతుకంతా ఆ కిటుకులోనే ఉంది.

ఇక వీడియోల సంగతి. యూట్యూబులో 2005 ఏప్రిల్ 23న ఎక్కించిన మొట్టమొదటి వీడియో నిడివి 19 సెకన్లు. జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి ఒక యువకుడు నాలుగు మాటలు చెబుతాడు, అంతే. 2013లో వచ్చిన 'వైన్' మొదట్లో ఆరు సెకన్లకి మించి ఒప్పుకోలేదు. 2017లో అది మూతపడింది. మన దేశంలో 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధించగానే జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ దిగాయి. మొదట రెండింటికీ గడువు 15 సెకన్లే. మరి వింత చూడండి, అవి అక్కడ ఆగలేదు. 2024 అక్టోబరుకి షార్ట్స్, 2025 జనవరికి రీల్స్ మూడేసి నిమిషాలకి పెరిగాయి. కథకి చోటు కావాలి కాబోలు! పొట్టివాటిని పెంచక తప్పలేదు.

అసలు మార్పు నిడివిలో లేదు, చూపులో ఉంది. హరిదాసుకి ఎదురుగా మనుషుల మొహాలు కనిపించేవి. ఎవరు ఆవలించారో, ఎవరు కళ్ళొత్తుకున్నారో తెలిసేది. ఇప్పుడు వీడియో తీసే ఇల్లాలికి కనిపించేది ఒక గీత. ఏ సెకనులో ఎంతమంది లేచిపోయారో ఆ గీత చెబుతుంది. ఎందుకు లేచారో మాత్రం చెప్పదు.

గోంగూర పచ్చడి చూపించే ఆవిడనే తీసుకోండి. కడిగిన ఆకు తడి పూర్తిగా ఆరేదాకా ఆగాలని చెప్పే చోట గీత కిందికి జారిందనుకుందాం. మర్నాటి నుంచి ఆ ముక్క కత్తిరించేస్తే వీడియో చురుగ్గానే ఉంటుంది. దాన్ని చూసి పచ్చడి పెట్టుకున్న కొత్తకోడలి జాడీలో మాత్రం బూజు పడుతుంది! విసుగుపుట్టించే చోటే ఒక్కోసారి పనికొచ్చే మాట ఉంటుంది. దాన్ని పారేయకుండా, వినేలా చెప్పడమే కదా హరిదాసు నేర్పు!

అలా చెప్పినవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. గుంటూరు జిల్లాలోని ఒక పల్లె నుంచి నూరేళ్ళు దాటిన మస్తానమ్మగారు 2016 నుంచి కట్టెల పొయ్యి మీద వండి చూపిస్తుంటే ప్రపంచం నలుమూలలా చూశారు. పుచ్చకాయ డొల్లలో ఆవిడ వండిన కోడికూరని లక్షలమంది చూశారు. 2018 డిసెంబరులో ఆవిడ పోయేనాటికి చందాదారులు పదిలక్షలు దాటారు. ఆవిడ చేతుల్లో ఎక్కడా తొందర లేదు. ఉల్లిపాయ తన తీరునే ఒలిచింది, మంట తన తీరునే మండింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ కూడా ఏ సెకన్లూ లెక్కపెట్టకుండా తన మాట, తన యాసతోనే జనాన్ని కూర్చోబెట్టింది. నిలకడ లేదని మనం ఆడిపోసుకునే ఆ బొటనవేలే వాళ్ళ దగ్గర ఆగింది.

అంచేత వీడియోలు తీసే అమ్మాయిలకి నాదొక మాట. మొదటి మూడు సెకన్లలో పట్టుకోండి, తప్పులేదు. డికెన్స్ చేసిందీ అదే, మన బుర్రకథ వంతలు చేసిందీ అదే. కానీ పట్టుకున్నాక చేతిలో ఏదైనా పెట్టి పంపండి. చూసేవాళ్ళకీ ఒక మాట. మీ వేలు ఆగినంతసేపే అవతలివాళ్ళు చెప్పగలరు. నచ్చినచోట ఇంకో రెండు నిమిషాలు ఊఁ కొట్టి చూడండి. కథ కంచికి చేరాలంటే చెప్పేవాళ్ళ ఓపిక ఒక్కటే చాలదు మరి!