తలుపు పడని బీరువా

పోయిన ఏడాది భోగికి ముందు రోజు ఇల్లు సర్దుతూ బీరువా తలుపు వేయబోతే పడలేదు. చేత్తో నెట్టాను, మోకాలు ఆనించి నెట్టాను. లాభం లేకపోయింది. మా వారు వచ్చి చూసి, "రెండు చీరలు బయటికి తియ్యి, అదే పడుతుంది" అన్నారు. కోపం వచ్చింది గానీ, మాట నిజమే కదా!

ఆ రోజు పనులన్నీ పక్కనబెట్టి చీరలన్నీ మంచం మీద పోసి లెక్కపెట్టాను. 118 తేలాయి. అందులో 27 చీరలకు ఇంకా ఫాల్ కూడా కుట్టించలేదు. కట్టుకుందామంటే జాకెట్టు పట్టనివి 14. రంగు వెలిసిన వన్ గ్రామ్ గోల్డ్ సెట్లు తొమ్మిది డబ్బాలు. పెళ్ళిళ్ళలో, నోముల్లో పెట్టిన జాకెట్టు ముక్కలు ఒక సంచీడు. అవి ఎవరు పెట్టారో గుర్తులేదు, ఎవరికి పెట్టాలో తెలియదు. మీ ఇళ్ళల్లో కూడా ఆ సంచీ ఉండే ఉంటుంది.

ఈ భోగి నుంచి వచ్చే భోగి దాకా బట్టలైనా నగలైనా ఊరికే కొనకూడదని అప్పుడే అనుకున్నాను. అస్సలు కొననని ఒట్టేమీ పెట్టుకోలేదు. ఏదైనా కొనాలనిపిస్తే బీరువా తలుపు లోపల అంటించిన కాగితం మీద తేదీ వేసి రాయాలి. నెల రోజులు ఆగాలి. అప్పటికీ కావాలనిపిస్తే కొనాలి. అంతే.

ఈ సంగతి ఫోనులో అమ్మకు చెబితే నవ్వి, "నువ్వు కొత్తగా కనిపెట్టావా ఏమిటి? మీ తాతగారు ప్రతి గుడ్డా పుస్తకంలో రాసేవారు" అంది. ఈసారి తెనాలి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆ పద్దుల పుస్తకం తీసి ఇచ్చింది. అట్టలు ఊడిపోయాయి, సిరా వెలిసిపోయింది. పప్పు, నూనె, పాలేరు జీతం మధ్యలో అక్కడక్కడా బట్టల పద్దు ఉంది. 1946లో ఒకచోట "కంట్రోలు గుడ్డ" అని కనిపించింది. కంట్రోలు బియ్యం, కంట్రోలు చక్కెర మనకు తెలుసు. కంట్రోలు గుడ్డ ఏమిటా అని అమ్మను అడిగాను, ఆ తరవాత పుస్తకాలు వెతికాను. అలా వెతుకుతూ ఉంటే, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు బట్టల దగ్గర, నగల దగ్గర చెయ్యి బిగబట్టిన సందర్భాలు నూరేళ్ళలో కనీసం మూడు కనిపించాయి.

మొదటిది 1921. ఆ ఏడాది మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇళ్ళల్లో 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది అక్కడే. విదేశీ బట్ట మానెయ్యమంటే ఆ బరువు మోసింది ఎక్కువగా ఆడవాళ్ళే. పంచె మార్చడం మగవాళ్ళకు ఒక పూట పని. ఆడవాళ్ళ సంగతి అలా కాదు. అప్పటి ముతక ఖద్దరు చీర ఎనిమిది గజాలో తొమ్మిది గజాలో తడిపితే ఎంత బరువో ఊహించండి. దాన్ని ఉతకాలి, పిండాలి, ఆరెయ్యాలి, మళ్ళీ అదే కట్టుకొని పొయ్యి దగ్గర కూర్చోవాలి. సన్నటి మిల్లు చీరకు అలవాటుపడిన ఒంటికి అది చిన్న త్యాగమేమీ కాదు.

ఖద్దరంతా ముతకే అని కూడా అనుకోకూడదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసి, ఎంతో సన్నటి నూలు తీస్తారు. చేప పళ్ళే వాళ్ళకు దువ్వెన. ఆ ఓపిక అక్కడి ఆడవాళ్ళది. కానీ అంత సన్న ఖద్దరు అందరికీ అందేది కాదు కదా.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ మీకు తెలిసే ఉంటుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఆవిడ పద్నాలుగేళ్ళ పిల్ల. ఖద్దరు ప్రదర్శన వాకిట్లో వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసింది. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా ఆ పిల్ల ధైర్యం గురించే మాట్లాడుకుంటాం. ఈసారి నా కళ్ళు వాకిలి దాటి లోపలున్న ప్రదర్శన మీద పడ్డాయి. కట్టుకునే బట్ట ఎక్కడ పుట్టింది, ఎవరు వడికారు అని జనం టిక్కెట్టు కొని మరీ చూసిన రోజులవి. ఇప్పుడు మనం చీర చూడగానే మొదట అడిగేది ఎంత తగ్గించారని.

రెండోది అమ్మమ్మ కాలం. రెండో ప్రపంచ యుద్ధంలో మిల్లుల్లో తయారైన బట్టలో పెద్ద భాగం సైన్యానికి పోయింది, పై దేశాల నుంచి వచ్చేది ఆగిపోయింది. ధరలు రెట్లకు రెట్లు పెరిగాయి, సరుకు దొంగ బజారుకు పోయింది. 1943లో ప్రభుత్వం నూలు మీద, నూలు బట్టల మీద కంట్రోలు పెట్టింది. అదే మా తాతగారి పద్దులోని కంట్రోలు గుడ్డ. చేతిలో డబ్బున్నా కావలసినంత కొనుక్కోవడానికి లేదు. మగ్గాల వాళ్ళదీ అదే కష్టం, నూలు దొరికేది కాదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 మొదట్లో కంట్రోలు ఎత్తేశారు గానీ, ధరలు ఎగబాకడంతో ఆ ఏడే మళ్ళీ పెట్టారు.

అమ్మమ్మ పెళ్ళి 1945లో, ఆ కరువులోనే అయింది. కాపురానికి వచ్చినప్పుడు ఆవిడ పెట్టెలో నాలుగు చీరలున్నాయట. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! నాలుగు చీరలతో కాపురం! నా మంచం మీద 118! "అమ్మా, అమ్మమ్మలాగా బతకాలని ఉందే" అన్నాను.

అమ్మ ముఖం మారిపోయింది.

"మీ అమ్మమ్మ అలా బతకాలని బతకలేదే. నాలుగింట్లో ఒకటి పెళ్ళి పట్టుచీర, ఒకటి మడి చీర. రోజూ కట్టుకోడానికి మిగిలినవి రెండే. వానాకాలంలో దండెం మీదిది ఆరకపోతే ఒంటి మీదిది విప్పడానికి లేదు. వాళ్ళ పెద్దమ్మ కూతురి సీమంతానికి ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. ఒంట్లో శుభ్రంగానే ఉంది. కట్టుకున్న చీర చిరిగింది, పట్టుచీర కుదువలో ఉంది. అరవయ్యేళ్ళు వచ్చాక కూడా ఆ మాట చెప్పి కళ్ళు తుడుచుకునేది. నీది పొదుపు. ఆవిడది లేమి. రెంటినీ కలిపి మాట్లాడకు."

నాకు నోట మాట రాలేదు. ఈ ఏడాదిలో నేను నేర్చుకున్నదేమిటి అంటే మొదట చెప్పాల్సింది అమ్మ మాటే. పాత రోజులు మంచివి, వాళ్ళకు ఆశ లేదు, తృప్తి ఉండేది అని మనం తేలిగ్గా అనేస్తాం. వాళ్ళకూ ఆశ ఉంది. దాచుకున్నారు, అంతే. చిరిగిన చీరను రెండుగా చించి అంచులు కలిపి కుట్టడం, మెత్తబడిన పంచెను పొత్తిగుడ్డలు చెయ్యడం, చివరికి మిగిలిన ముక్కలన్నీ పొరలుగా వేసి బొంత కుట్టడం, ఇవన్నీ అవసరం నేర్పిన విద్యలు. విద్య గొప్పదే. దాన్ని నేర్పిన అవసరాన్ని మాత్రం ముచ్చటగా చెప్పుకోకూడదు.

మూడోది బంగారం సంగతి. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు దేశ రక్షణ నిధికి ఆడవాళ్ళు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. ఆ వెంటనే 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా బంగారం మీద నియంత్రణ వచ్చింది. కొత్తగా చేసే నగల్లో బంగారం 14 క్యారెట్లకు మించకూడదు. అంటే నూటికి 58 పాళ్ళే బంగారం, మిగతాది రాగో వెండో. 22 క్యారెట్లకు అలవాటుపడిన మన వాళ్ళకు అది నగలాగే అనిపించలేదు. సరిగ్గా ఆ ఏడే మా చిన్నమ్మమ్మ పెళ్ళి. కొత్త గొలుసు చేయించడం ఇష్టంలేక అమ్మమ్మ తన నానుతాడు తీసి చెల్లెలి మెడలో వేసింది. ఉన్న నాలుగు చీరల్లో ఒకటి కుదువ పెట్టుకున్న మనిషి, ఉన్న ఒక్క గొలుసూ ఇచ్చేసింది! ఆ రోజుల్లో స్వర్ణకారులు ఎంతోమంది పని పోయి రోడ్డున పడ్డారు. 1968లో బంగారం నియంత్రణ చట్టమే వచ్చి, 1990 దాకా ఉంది. ఇంత చేసినా మనకు బంగారం మీద మోజు తగ్గలేదు. చట్టం వల్ల కొనడం ఆగవచ్చు గానీ కోరిక ఆగదని ఆ లెక్క చెబుతుంది.

ఈ మూడూ అయ్యాక వచ్చింది మనం చూసిన కాలం. నైలాన్ చీరలు, పాలిస్టర్ చీరలు వచ్చాయి. చిరగవు, గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు. వానాకాలంలో గంటలో ఆరిపోయే చీర అంటే అమ్మమ్మలాంటి వాళ్ళకు అదెంత వరమో ఇప్పుడు అర్థమవుతోంది. నా చిన్నప్పుడు వీధిలోకి స్టీలు గిన్నెల ఆవిడ వచ్చేది. పాత బట్టలు గుట్ట పోస్తే ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, చిన్న గిన్నె ఇస్తానంటే అమ్మ పెద్ద గిన్నె అడిగేది. అరగంట బేరం. పాత చీరకు కూడా విలువ కట్టేవాళ్ళున్నారన్నమాట. ఇప్పుడు నా 118 చీరల్లో సగం ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాళ్ళు లేరు. మా పనమ్మాయి, "వద్దమ్మా, మా ఇంట్లోనూ బీరువా పట్టడం లేదు" అంది!

ఇక నా ఏడాది లెక్క. కాగితం మీద 23 రాశాను. నెల తిరిగేసరికి వాటిలో 17 కొట్టేశాను. ఆరు కొన్నాను. కాగితం ఎక్కకుండానే కొన్నవి రెండు: శ్రావణంలో సగం ధరకని ఒక జార్జెట్ చీర, పేరంటంలో పక్కావిడ పెట్టుకుందని ఒక వన్ గ్రామ్ గొలుసు. ఆ చీర ఇంతవరకు కట్టలేదు. గొలుసు రెండు నెలలకే నల్లబడింది.

కష్టమైన రోజు మా ఆడపడుచు కూతురి పెళ్ళి. నా ధర్మవరం చీరే కట్టుకున్నాను. పందిట్లోనే ఒకావిడ, "ఇది మొన్న గృహప్రవేశానికి కట్టావు కదూ?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం భోజనం సహించలేదు. మా అమ్మాయి కూడా కారులో, "అన్ని ఫోటోల్లోనూ అదే చీరమ్మా" అంది. ఇంటికొచ్చాక అమ్మమ్మ వెళ్ళలేకపోయిన ఆ సీమంతం కథ దానికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి ఆవిడ ఎవరికీ చెప్పలేదా?" అని మాత్రం అడిగింది.

ఆరింట్లో ఒకటి మంగళగిరి నూలు చీర. నేసేవాళ్ళ ఇంటికే వెళ్ళి కొన్నాను. గుంట మగ్గంలో ఆయన నేస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. ఒక చీరలో ఇద్దరి పని ఉంటే కూలి మాత్రం ఒక్కరికే లెక్క అంది. మాటల్లో నా భోగి నియమం చెబితే ఆవిడ చెయ్యి ఆగింది. "అందరూ మానేస్తే మేమేం తినాలమ్మా? ఏడాదికి ఒకటే కొనండి, మగ్గం మీద నేసింది కొనండి" అంది.

ఆ మాట నేను ఆలోచించనిది. 1985లో చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించి చట్టం చేశారు. మొదట 22 రకాలు, తరవాత 11కి తగ్గించారు. చట్టం ఉన్నా మరమగ్గం మీద నేసిన నకలు చేనేత పేరుతోనే అంగళ్ళలో దొరుకుతోంది. సగం ధరకు వస్తోందని మనమూ తీసుకుంటున్నాం. నా 118లో అలాంటివి ఎన్ని ఉన్నాయో! కాబట్టి తక్కువ కొన్నానని గర్వపడడానికి ఏమీ లేదు. 1921లో వాళ్ళు మానేసింది ఒకటి, దాని బదులు పట్టుకున్నది ఒకటి. రెండోది లేకపోతే మొదటిది సగం పనే.

మొన్న భోగికి బీరువా తలుపు పడింది. గట్టిగా నెడితేనే అనుకోండి. 41 చీరలు బయటికి వెళ్ళాయి. కొన్ని చెల్లెళ్ళకు, కొన్ని మా అమ్మాయి లంగాలకు, చిరిగినవి అమ్మ దగ్గరికి. బొంత కుట్టడం నేర్పమన్నాను. "ఇప్పుడెందుకే, రగ్గులు దొరకడం లేదా?" అంటూనే దబ్బనం వెతకడానికి లేచింది.