ఇల్లెవరిది, చాకిరీ ఎవరిది?

2018 నవంబర్‌లో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఢిల్లీలో కొందరు స్త్రీలను కలిశాడు. దళిత హక్కుల కార్యకర్త సంఘపాలి అరుణ ఇచ్చిన పోస్టర్ పట్టుకుని వాళ్ళతో ఫొటో దిగాడు. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని బద్దలు కొట్టమంటున్న ఆ పోస్టర్‌ని రూపొందించింది తేన్మొళి సౌందరరాజన్. ఫొటో బయటికొచ్చాక పెద్ద గగ్గోలు పుట్టింది. అది తమ అభిప్రాయం కాదంటూ క్షమాపణ చెప్పింది కంపెనీ న్యాయవిభాగం అధిపతి, హైదరాబాదులో పుట్టిన విజయ గద్దె. రాసుకోవడానికి గోడ మనకిచ్చారు సరే, ఆ గోడ మీద ఏ మాట నిలబడాలో తేల్చే హక్కు మాత్రం సొంతదారుదే అని ఆ క్షమాపణ నాకు అర్థం చేయించింది.

మరుసటి ఏడాది నవంబర్‌లో న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసింది. నిరసనగా మనదేశంలో చాలామంది మాస్టోడాన్‌కి తరలివెళ్ళారు. ఆ వలస ఎక్కువకాలం నిలవలేదు. కానీ సొంతదారు లేని చోటు ఒకటి ఉంటుందా అనే ప్రశ్నని మిగిల్చింది. ఆ ప్రశ్న వెంట పోతే నాకు అడుగడుగునా స్త్రీలే కనిపించారు.

2010లో న్యూయార్క్ యూనివర్సిటీ విద్యార్థులు నలుగురు జనం దగ్గర దాదాపు 2 లక్షల డాలర్లు విరాళంగా పోగుచేసి, ఫేస్‌బుక్‌కి ప్రత్యామ్నాయంగా 'డయాస్పొరా' మొదలుపెట్టారు. దాని నిర్మాణంలో పాల్గొన్న ప్రోగ్రామర్ సారా మే, ఆడా మగా అని ఎంచుకోవాల్సిన చోట ఒక ఖాళీ గడి పెట్టింది. ఎవరికి తోచింది వాళ్ళు రాసుకోవచ్చు, రాయకపోనూవచ్చు. తోటి ప్రోగ్రామర్లలో కొందరు మండిపడ్డారు. మనుషుల్ని రెండు కుప్పలుగా పోసి ప్రకటనదారులకు అమ్ముకోవాలనుకునే వాళ్ళకి ఖాళీ గడి పనికిరాదు. ఫేస్‌బుక్ అమెరికాలో మూడో మాటకి చోటిచ్చింది 2014 ఫిబ్రవరిలోనే.

మాస్టోడాన్‌ని 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టాడు. పత్రికల్లో అతని పేరే వినిపిస్తుంది. అయితే వేర్వేరు సర్వర్ల మధ్య మాటలు అటూ ఇటూ ప్రయాణించడానికి వీలు కల్పించే 'యాక్టివిటీపబ్' అనే నియమావళి 2018 జనవరిలో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని సంపాదకులు క్రిస్టీన్ లెమర్ వెబర్, జెస్సికా టాలన్. ఒక కంపెనీ ఈమెయిల్ నుంచి మరో కంపెనీ ఈమెయిల్‌కి ఉత్తరం వెళ్ళినట్టే, ఇక్కడ ఎవరి సర్వర్ వాళ్ళు నడుపుకుంటూ అందరితో మాట్లాడుకోవచ్చు. 2022 అక్టోబర్‌లో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ని కొన్నాక, నెలకి 3 లక్షలమంది వాడే మాస్టోడాన్‌ని కొద్దివారాల్లోనే 25 లక్షలమంది వాడారు.

అంతమంది వచ్చిన ఇంట్లో చాకిరీ ఎవరు చెయ్యాలి? బూతులూ బెదిరింపులూ రోజూ చదివి తీసెయ్యాలి. తగువులు తీర్చాలి, సర్వర్ అద్దె కట్టాలి. చాలా సర్వర్లలో ఈ పని చేసేది జీతంలేని స్వచ్ఛంద సేవకులే. కనబడని, లెక్కకురాని, ఎప్పటికీ పూర్తికాని పని అంటే ఏమిటో మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పెత్తనం చేసే కంపెనీ పోయినంత మాత్రాన పెత్తనం పోదు కూడా. 2022 చివర్లో మాస్టోడాన్‌కి వచ్చి జాతివివక్ష గురించి రాసిన నల్లజాతివాళ్ళకి, ఆ మాటల్ని హెచ్చరిక తెర వెనక పెట్టమని సలహాలు ఎదురయ్యాయి. ఆ మాట మనకి కొత్తా? 2024 ఫిబ్రవరిలో 'క్వీర్ డాట్ ఏఎఫ్' అనే సర్వర్ చిరునామాని తాలిబాన్ ప్రభుత్వం రద్దుచేసింది. ఆ చిరునామా చివరి అక్షరాలు అఫ్గానిస్తాన్‌వి మరి. కార్పొరేట్ చేతికి చిక్కనిది రాజ్యం చేతికి చిక్కింది.

ఇక బ్లూస్కై. 2019లో డోర్సీ ట్విట్టర్ లోపలే దీన్ని ప్రకటించాడు. 2021లో జే గ్రేబర్ అనే యువతి పగ్గాలు పట్టి దాన్ని వేరు కంపెనీగా నిలబెట్టింది. ప్రజాప్రయోజనం కోసమని నమోదైనా అది కంపెనీయే. 2024 అక్టోబర్‌లో కోటీ 50 లక్షల డాలర్ల పెట్టుబడి తీసుకుంది. ఖాతాల్లో అత్యధికం దాని సర్వర్లలోనే ఉన్నాయి.

ఈ రెండిట్లో ఏది స్వతంత్రం అని అడిగితే, ఇల్లు వదిలి వెళ్ళాల్సి వచ్చినప్పుడు వెంట ఏం తీసుకెళ్ళనిస్తారు అన్నదే నా కొలత. మాస్టోడాన్‌లో ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కి మారితే మనల్ని అనుసరించేవాళ్ళు వెంట వస్తారు, రాసిన రాతలు రావు. పాత సర్వర్ హఠాత్తుగా మూతపడితే కట్టుబట్టలతో బయటపడ్డట్టే. బ్లూస్కై పద్ధతిలో రాతలూ మనుషులూ కలిసే కదలొచ్చు. కంపెనీ లేని మాస్టోడాన్‌లో రాతలకి భద్రత తక్కువ, కంపెనీ ఉన్న బ్లూస్కైలో గడప దాటే హక్కు ఎక్కువ. నల్లజాతివాళ్ళ కోసం 2023లో రూడీ ఫ్రేజర్ మొదలుపెట్టిన 'బ్లాక్‌స్కై' ఆ హక్కుని వాడుకుని, సొంత సర్వర్లూ సొంత మోడరేటర్లూ ఏర్పాటుచేసుకుంది.

అందుకే సొంతదారు ఎవరన్న ఒక్క ప్రశ్నతో నేను సరిపెట్టుకోలేను. నియమాలు రాసేటప్పుడు ఎవరెవరు కూర్చున్నారు, రోజూ ఊడ్చేది ఎవరు, వాళ్ళకి కూలి ఎవరిస్తున్నారు అని కూడా అడగాలి. మన రాతలు పోస్తున్న ప్రతిచోటా ఈ ప్రశ్నలు అడగడం, పోసిన రాతలకి ఒక ప్రతి మన దగ్గర దాచుకోవడం ఇవాళే మొదలుపెట్టవచ్చు.