నివేదికలో స్తానా, కాగితాల్లో లారా

‘డ్రాక్యులా’ 1897లో వచ్చింది. దానికి పాతికేళ్ల ముందే ఐర్లండ్ రచయిత షెరిడాన్ లె ఫాను ‘కార్మిల్లా’ రాశాడు. 1871-72లో ‘ది డార్క్ బ్లూ’ పత్రికలో సీరియల్‌గా వచ్చిన కథ. నా చదువంతటిలో డ్రాక్యులా ఎదురైంది గానీ ఇది ఎదురవలేదు. పిహెచ్‌డి అయ్యాక, అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటూ మొదటిసారి చదివాను.

ఇక్కడ రక్తం తాగేది ఆడపిల్ల. ఆమె ప్రేమించేదీ ఆడపిల్లనే. దీని మీద ఇప్పటికే చాలా రాశారు. నన్ను ఆపింది మరొకటి. లారా రోజురోజుకీ నీరసించిపోతుంటే డాక్టరు వస్తాడు. పరీక్షించి, తండ్రిని పక్కకి పిలిచి గుసగుసగా మాట్లాడతాడు. నాకేమైంది అని ఆమె అడిగితే ప్రశ్నలతో విసిగించొద్దంటాడు తండ్రి.

మా హాస్టల్లో ఒకమ్మాయికి జ్వరం తగ్గకపోతే పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆమెకు ఇరవై మూడేళ్లు, ఉద్యోగం చేస్తోంది. డాక్టరు ఆమెతో ఒక్క ముక్క చెప్పకుండా ఫోన్లో వాళ్ల నాన్నతో మాట్లాడాడు!

కార్మిల్లాని సమాధిలోంచి తీసి, తల నరికి, కాల్చి, బూడిద నదిలో కలుపుతారు. లారా అది చూడలేదు. తండ్రి దగ్గరున్న ప్రభుత్వ కమిషన్ నివేదిక నకలు చూసి రాస్తున్నానంటుంది. అలాంటి నివేదికలు నిజంగా ఉన్నాయి. 1732లో సెర్బియాలోని మెద్వెద్జా గ్రామంలో సమాధులు తవ్వించి ఆస్ట్రియా సైనిక వైద్యుడు యోహాన్ ఫ్లుకింగర్ ఒకటి రాశాడు. అందులో స్తానా అనే ఇరవయ్యేళ్ల బాలింత ఉంది. కాన్పులో పోయింది, బిడ్డా పోయింది. ఆ రోజుల్లో కాన్పులో చావడానికి పిశాచం కావాలా? కానీ రక్తపిశాచి నెత్తురు ఒంటికి పూసుకున్నానని చనిపోయేముందు ఆమె అన్నదట. ఆమె నోటి మాటగా నివేదికకెక్కింది అదొక్కటే, అదీ ఆమెకే వ్యతిరేకంగా. చేతబడి చేశారని మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇక్కడి పేపర్లలో చదివినవాళ్లకి ఈ పద్ధతి కొత్తదేం కాదు. శవాల్ని ఇలా తవ్వి కాల్చడాన్ని 1755లో మహారాణి మరియా తెరెసా నిషేధించింది. ఆమె వైద్యుడు వాన్ స్వీటెన్ ఇదంతా మూఢనమ్మకమని తేల్చాడు.

1870లో రిచర్డ్ బర్టన్ మన బేతాళుణ్ణి ఇంగ్లీషులో ‘వాంపైర్’ చేశాడు. చందమామ చదివి పెరిగినవాళ్లకి నవ్వొస్తుంది. మన బేతాళుడు రక్తం తాగడు, ప్రశ్నలడుగుతాడు. మెద్వెద్జాలో ప్రశ్నలన్నీ అధికారులవే.

లారా తన కథని పట్నంలో ఉండే మరో స్త్రీకి చెబుతున్నట్టు రాసింది. అది చేరింది డాక్టర్ హెస్సీలియస్ కాగితాల్లోకి. ఆమెకి ఉత్తరం రాద్దామనుకున్నాననీ, అప్పటికే చనిపోయిందని తెలిసిందనీ సంపాదకుడు ముందుమాటలో అంటాడు. ఎలా చనిపోయిందో రాయలేదు.