యంత్రము, లిపి, సామూహిక రచన: బోధను ప్రాంతమునుండి ఒక పరిశీలన

మానవునకును కంప్యూటరునకును గల సంబంధమును శాస్త్రముగా పరిశీలించుట పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో గత శతాబ్ది ఉత్తరార్ధమున ఆరంభమైనది. 1960లో లిక్లైడరు మనుష్యుడును యంత్రమును పరస్పర పోషకములుగా పనిచేయవలెనని ప్రతిపాదించెను. 1968 డిసెంబరులో ఎంగెల్‌బార్ట్ దూరస్థులైన ఇరువురు ఒకే పత్రముపై ఏకకాలమున పనిచేయుటను ప్రదర్శించి చూపెను. 1987లో లూసీ సుచ్‌మన్ నకలుయంత్రము నుపయోగించువారిని పరిశీలించి, యంత్రనిర్మాత యూహించిన క్రమము వేరు, వాడుకరి ఆ క్షణమున నడచుకొను క్రమము వేరు అని నిరూపించినది. ఈ సిద్ధాంతములు తెలుగు దేశమున ఎట్లు అన్వయించునో, విశేషించి బోధను ప్రాంతమును ఉదాహరణముగా గైకొని, ఈ వ్యాసమున చర్చింప నెంచితిమి.

సామూహిక రచన మనకు క్రొత్తది కాదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను ఆక్షేపణకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354 మంది కవులకు చోటు దొరకినది. ఒక్కరు గ్రామగ్రామము తిరిగి సాధింపదగిన కార్యము కాదది. పెక్కుచోట్లనున్న వారి సహకారమున ఫలించినది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటము మరియొక మెట్టు. అందు వ్యవసాయ పదములను రైతుల నోటినుండియే సేకరించిరి. ఈ రెండింటను సమాచార మిచ్చువారు పలువురు. దానిని దిద్ది అచ్చున కెక్కించు అధికారము మాత్రము సంపాదకునిదే.

ఈ అధికారము పలువురకు పంచబడుటకు ముందుగా లిపి యంత్రమునం దిమడవలసి యుండెను. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ ఇన్‌స్క్రిప్ట్ అను మీటల కూర్పును రూపొందించినది. అందు అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి అందును. భారతీయ లిపుల కన్నిటికి కూర్పు ఒక్కటే. 1991లో వెలువడిన యూనికోడ్, మన దేశపు ఇస్కీ సంకేతముల ననుసరించి, తెలుగునకు ప్రత్యేక స్థానము కల్పించినది. ఇందు 'క్షి' అను అక్షరము కకారము, పొల్లు, షకారము, గుడి అను వరుసలో నిలుచును. అనగా యంత్రము కంటికి కనిపించు ఆకృతిని గాక, వర్ణక్రమమును భద్రపరచుచున్నదన్నమాట. మన వ్యాకర్తలు చెప్పిన వర్ణవిభాగమునకు ఇది సన్నిహితము.

ఐనను వాడుకరులలో పలువురు ఈ శాస్త్రీయమైన కూర్పును విడిచి, ఇంగ్లీషు మీటలతోనే తెలుగు పలుకును టైపు చేయు పద్ధతిని అవలంబించిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున తెలుగువారు రూపొందించిన లిప్యంతరీకరణ విధానము దీనికి దారి తీసినది. కారణము స్పష్టము: చేతిక్రింద నున్న మీటలపై ముద్రితమైనవి రోమను అక్షరములు. నిర్మాత యూహకును వాడుకకును గల భేదమును గూర్చి సుచ్‌మన్ చెప్పినదానికి ఇంతకంటె చక్కని నిదర్శనము అక్కరలేదు.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా వెలసినది. ఇందు సంపాదకుడును పాఠకుడును ఒక్కడే కాగలడు. ప్రతి మార్పును చరిత్రలో నమోదగును. పొరపాటును మరియొకరు సవరింపవచ్చును. దీని ప్రయోజనము 2016 అక్టోబరు 11న తెలంగాణమున జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినపుడు వ్యక్తమైనది. కామారెడ్డి వేరు జిల్లా యైనది. బాన్సువాడ, జుక్కల్ ప్రాంతములు అందు చేరినవి. బోధను నిజామాబాదు జిల్లాలోనే నిలిచినది. ముద్రిత సర్వస్వమైనచో తరువాతి కూర్పుదాక వేచియుండవలసినదే. ఇచ్చట గ్రామముల పుటలను స్వచ్ఛంద కార్యకర్తలు సవరించిరి.

ఇక చిక్కు ఎచ్చట నున్నదో చూతము. 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీటితో ఈ ప్రాంతమున చెరకు సాగు విస్తరించినది. బోధను చెంత శక్కర్‌నగరమున 1937లో నిజాం చక్కెర కర్మాగారము నెలకొన్నది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యమునకు మారినది. 2015 డిసెంబరులో మూతపడినది. తెలుగు, ఉర్దూ, మరాఠీ పలుకుబళ్లు కలిసిన ఈ నేలలో, స్థానికులతోపాటు కోస్తా జిల్లాలనుండి వచ్చిన రైతులును చెరకు పండించిరి. మొక్కతోట, కార్శితోట అను భేదము మొదలుకొని క్రషింగు కాలపు పనివరకు ఎంతయో పదసంపదయు, అనుభవమును వారి జ్ఞాపకమున నున్నవి.

ఈ జ్ఞాపకము సామూహిక సర్వస్వమున చేరగలదా? అచ్చట మౌలిక పరిశోధనకు తావు లేదు. ప్రచురితమైన ఆధారము వలయును. ఆ నియమము న్యాయమైనదే. లేనిచో వదంతికిని వాస్తవమునకును భేద ముండదు. కాని దాని ఫలితముగా కర్మాగారపు స్థాపనకును మూతకును తేదీలు పుటపై నిలుచును. నడుమనున్న డెబ్బది యెనిమిదేండ్ల కార్మిక జీవనము జారిపోవును. 2011లో అచల్ ప్రభాల ప్రభృతులు మలయాళ, హిందీ, సెపెడి భాషలలో మౌఖిక వాఙ్మూలమునే ఆధారముగా చూపు ప్రయోగము చేసిరి. తెలుగు అందు లేకపోయినది.

కావున దోషము యంత్రమునది కాదు, మీటలది కాదు. లిపి ఇమిడినది, వ్రాయు మార్గము సుగమమైనది. కొరవడినది జనుల నోటిమాటకును ఆ పుటకును నడుమ నుండవలసిన ముద్రిత ప్రమాణము. దానిని సమకూర్చుట విశ్వవిద్యాలయములలోని తెలుగు శాఖల కర్తవ్యమని మా అభిప్రాయము. ఒక పరిశోధక విద్యార్థి శక్కర్‌నగరమున వృద్ధ కార్మికుల మాటలను, వారి అనుమతితో, ప్రాంతమును కాలమును పేర్కొని సేకరించి ఇట్టి సంచికలలో ప్రకటించినచో, అది ఎల్లరకు ఆధారము కాగలదు. 1962నాటి పదకోశకర్తలు చూపిన త్రోవ ఇదియే. కర్మాగారము మూతపడి సంవత్సరములు గడచుచున్నవి. ఆ పని నెరిగినవారి సంఖ్య దినదినము తగ్గుచున్నది. ఈ కార్యము ఆలస్యము నోర్వదు.