హార్లెం శాఖా గ్రంథాలయం - చిత్రప్రదర్శనల చరిత్ర

గ్రంథాలయ చరిత్రలు సాధారణంగా పుస్తకాల లెక్కతో మొదలవుతాయి. స్థాపన ఎప్పుడు జరిగింది, దాతలెవరు, తొలినాడు ఎన్ని సంపుటాలుండేవి అన్న వివరాల మీదుగా అవి నడుస్తాయి. గోడలకు ఏ చిత్రాలు తగిలించారు, అద్దాల బీరువాల్లో ఏం పెట్టారు, అవి ఎవరి ఇళ్ళనుంచి వచ్చాయి అన్న ప్రశ్నలు పాదసూచికల్లో కూడా అరుదుగా కనిపిస్తాయి. న్యూయార్క్ నగరం హార్లెంలోని 135వ వీధి శాఖా గ్రంథాలయం విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. నల్లజాతి చరిత్రకు సంబంధించి ప్రపంచప్రసిద్ధి పొందిన ఒక సేకరణ ఆ భవనంలో రూపుదిద్దుకొంది. అయితే అక్కడ ముందు సేకరణ ఏర్పడి, తరువాత దానిని ప్రదర్శనకు పెట్టడం జరగలేదు. ప్రదర్శనే ముందు వచ్చింది. ఈ క్రమాన్నీ, దానివల్ల తలెత్తిన వివాదాలనూ పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1901లో ఆండ్రూ కార్నెగీ న్యూయార్క్ నగరంలో శాఖా గ్రంథాలయాల నిర్మాణానికి 52 లక్షల డాలర్లు ఇచ్చాడు. ఆ ధనంతో కట్టిన భవనాల్లో 135వ వీధిలోనిది ఒకటి. వాస్తుశిల్పి చార్లెస్ మెకిమ్ రూపకల్పనలో మూడంతస్తులుగా లేచిన ఈ భవనం 1905లో పాఠకులకు తెరుచుకొంది. ఊరంతటికీ ఉచితంగా పుస్తకం, పేటపేటకూ ఒక శాఖ అన్నది నాటి అమెరికన్ గ్రంథాలయ వ్యవస్థ ఆదర్శం. ఈ ఆదర్శం తెలుగువారికి కొత్తది కాదు. 1910లో బరోడా సంస్థానాధీశుడు శాయాజీరావు గైక్వాడ్ తన రాజ్యంలో గ్రంథాలయాలను నెలకొల్పడానికి విలియం బోర్డెన్ అనే అమెరికన్ గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించాడు. 1914లో బెజవాడలో సమావేశమైన ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమకారులకు బరోడా ఒక దగ్గరి ఉదాహరణగా ఉండేది.

భవనం కట్టిన నాటికి ఆ పేటలో ఎక్కువమంది శ్వేతజాతీయులు, వారిలో యూదులు గణనీయంగా ఉండేవారు. అవసరానికి మించి కట్టిన ఇళ్ళు అద్దెలకు పోక ఖాళీగా మిగలడం, దక్షిణ రాష్ట్రాల హింసనూ పేదరికాన్నీ తప్పించుకొని నల్లజాతి కుటుంబాలు ఉత్తరాదికి తరలిరావడం - ఈ రెండూ కలిసి 15 ఏళ్ళలో ఆ పేట స్వరూపాన్ని మార్చివేశాయి. కరీబియన్ దీవులనుంచి వచ్చినవారూ వారితో చేరారు. బీరువాల్లో పుస్తకాలు మాత్రం పాత పాఠకులకోసం కొన్నవే.

1920లో ఎర్నెస్టైన్ రోజ్ ఈ శాఖకు అధికారిణిగా వచ్చింది. అంతకుముందు ఆమె నగరంలోని యూదు వలసవారి పేటలో పనిచేసింది. వలసవచ్చినవారిని వారి భాషనుంచీ సంస్కృతినుంచీ తప్పించి అమెరికన్లుగా మార్చడమే గ్రంథాలయం పని అన్న నాటి వాదం ఆమెకు నచ్చలేదు. చదివేవారు తమను తాము చూసుకొనే చోటుగా గ్రంథాలయం ఉండాలన్నది ఆమె అనుభవంలో తేలిన విషయం. ఆమె వచ్చిన ఏడాదే కాథరిన్ లాటిమర్ ఉద్యోగంలో చేరింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో నియమితురాలైన తొలి నల్లజాతి గ్రంథపాలకురాలు ఆమే. మరుసటి ఏడు ప్యూర్టోరికోనుంచి వచ్చిన పూరా బెల్‌ప్రే చేరింది. నవలాకర్త్రి నెల్లా లార్సెన్ కూడా కొంతకాలం ఈ శాఖలోనే పనిచేసింది.

1921లో ఈ శాఖలో నల్లజాతి కళాకారుల చిత్రాలతో, శిల్పాలతో ఒక ప్రదర్శన ఏర్పాటైంది. హార్లెంలో అటువంటి ప్రదర్శన అదే మొదటిది. నాటి న్యూయార్క్ చిత్రశాలలు నల్లజాతివారి చిత్రాలను గోడమీదికి రానిచ్చేవి కావనడం అతిశయోక్తి కాదు. హెన్రీ ఒసావా టానర్ వంటి సుప్రసిద్ధుడు సైతం తనను చిత్రకారుడిగా మాత్రమే చూసే చోటు వెతుక్కొంటూ 1891లోనే పారిస్ చేరవలసివచ్చింది. ఇక ఊరు విడిచి వెళ్ళే స్తోమతు లేనివారి పరిస్థితి చెప్పనక్కరలేదు. శిల్పి అగస్టా శావేజ్ 1921లో చేతిలో కొద్దిపాటి సొమ్ముతో న్యూయార్క్ వచ్చింది. 1923లో ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లో వేసవి కళాశాలకు ఆమె చేసుకొన్న దరఖాస్తును వర్ణం కారణంగానే తోసిపుచ్చారు. ఆమెకు తొలినాళ్ళలో దక్కిన ముఖ్యమైన పని ఈ గ్రంథాలయం ద్వారానే వచ్చింది: గ్రంథాలయానికోసం డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ముఖశిల్పం చేయడం.

ప్రదర్శన గ్రంథాలయంలో జరగడం వల్ల కలిగిన మార్పు చిన్నది కాదు. చిత్రశాలకు చిత్రం చూడాలని బయలుదేరినవారు వెళతారు. గ్రంథాలయానికి పత్రిక చదవడానికి, పిల్లల పుస్తకం మార్చుకోవడానికి, చలికాలంలో కాసేపు వెచ్చగా కూర్చోవడానికి వచ్చినవారు కూడా చిత్రం ముందు ఆగుతారు. ప్రవేశ రుసుము లేదు, ఫలానా దుస్తులు ధరించి రావాలన్న నియమం లేదు. పైగా చూసేవారికీ చూపేవారికీ మధ్య హద్దు పలుచబడింది. ప్రదర్శనలకు సమకూర్చిన వస్తువుల్లో పలు వస్తువులు ఎరువుకు వచ్చినవే. ఇచ్చినవారు ఆ పేటకూ ఆ పేట మిత్రులకూ చెందినవారే.

అలా ఇచ్చినవారిలో ఆర్టురో అల్ఫోన్సో షోంబర్గ్ ముఖ్యుడు. ప్యూర్టోరికోలో 1874లో పుట్టి, 1891లో న్యూయార్క్ వచ్చి, ఒక బ్యాంకులో ఉత్తరాల విభాగంలో ఉద్యోగం చేస్తూ జీవించిన వ్యక్తి. నల్లజాతికి చరిత్రే లేదని చిన్ననాడు బడిలో విన్న మాట తనను పుస్తకాల వేటకు పురికొల్పిందని ఆయన చెప్పుకొన్నట్లు జీవితచరిత్రకారులు రాశారు. ఫిలిస్ వీట్లీ కవితల తొలినాటి ముద్రణలు, బెంజమిన్ బానెకర్ పంచాంగాలు, హైతీ విప్లవానికి సంబంధించిన పత్రాలు, చెక్కుడు చిత్రాలు ఆయన ఇంట పోగుపడ్డాయి. 1918 ఆగస్టులో బ్రూక్లిన్‌లోని ఒక వై.ఎం.సి.ఎ. భవనంలో నీగ్రో లైబ్రరీ అసోసియేషన్ జరిపిన ప్రదర్శనలో పుస్తకాలనూ, వ్రాతప్రతులనూ, చిత్రాలనూ, శిల్పాలనూ ఒకేచోట చేర్చి చూపారు. ఈ కలగలుపును ఏదో అవగాహనాలోపంగా భావించరాదు. చరిత్ర లేదని చెప్పే లోకానికి కవితాసంపుటి ఎంత సాక్ష్యమో తైలవర్ణచిత్రమూ అంతే సాక్ష్యం. అద్దాల బీరువా వారికి అలంకారం కాదు, వాదన వినిపించే చోటు. 135వ వీధి ప్రదర్శనలు ఈ ధోరణినే కొనసాగించాయి.

అయితే వాదన ఎవరితో? బయటి లోకంతోనా, లోపలివారితోనా? 1925లో ఈ ప్రశ్న తీవ్రంగా ముందుకు వచ్చింది. ఆ సంవత్సరం మార్చిలో సర్వే గ్రాఫిక్ పత్రిక హార్లెంపై ప్రత్యేకసంచికను వెలువరించింది. సంపాదకత్వం తత్త్వశాస్త్రాచార్యుడు అలెన్ లాక్‌ది. షోంబర్గ్ తన సుప్రసిద్ధ వ్యాసాన్ని ప్రకటించింది కూడా ఆ సంచికలోనే. దానికి జర్మనీనుంచి వచ్చి స్థిరపడిన శ్వేతజాతి చిత్రకారుడు వినోల్డ్ రైస్ హార్లెంవాసుల రూపచిత్రాలు గీశాడు. వాటిని 135వ వీధి గ్రంథాలయంలో ప్రదర్శించారు.

వాటిలో ఇద్దరు ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయినుల చిత్రం ఒకటి. నల్లని మేనిఛాయ, అలసట కనిపించే ముఖాలు, సాదా దుస్తులు. ముఖాలమీద చిరునవ్వు లేదు. గ్రంథాలయంలో జరిగిన చర్చలో ఈ చిత్రంపై పలువురు అభ్యంతరం తెలిపారు. ఈ ఉపాధ్యాయినులు వీధిలో ఎదురైతే భయం వేసేలా ఉన్నారన్న మాట కూడా వచ్చింది. ఆ సంచికకు వ్యాసం రాసిన, స్వయంగా రైస్ చిత్రానికి కూర్చున్న ఎలీస్ మెక్‌డూగల్డ్ ఈ సంగతులను లాక్‌కు లేఖలో తెలియజేసింది. లాక్ ఊరుకోలేదు. ఆపర్చునిటీ పత్రికలో ఘాటుగా సమాధానమిచ్చాడు. అతని వాదన సారాంశం ఇది: తెల్లవారి వర్ణద్వేషం నల్లవారి కళ్ళలోకి కూడా ఎక్కింది, తమ నలుపును తామే చూడలేకపోవడం ఆ రోగలక్షణం.

సాహిత్యచరిత్రకారులు ఈ వివాదంలో తరచు లాక్ పక్షమే వహించారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. కానీ అభ్యంతరపెట్టినవారి బాధను ఆయన తొందరపడి తీసివేశాడనిపిస్తుంది. ముఖానికి మసి పూసుకొని తెల్లవారు ఆడిన హాస్య నాటకాలు, సబ్బు డబ్బాలమీది బొమ్మలు, పత్రికల్లోని వికటచిత్రాలు - వీటి మధ్య ఒక తరం తరువాత మరొక తరం పెరిగింది. అటువంటివారికి చిత్రం నిరపాయమైన వస్తువు కాదు. ఆ పేటలో ఉపాధ్యాయిని ఉద్యోగం అంటే ఎంతో కష్టపడి సంపాదించుకొన్న గౌరవం. ఆ గౌరవాన్ని ఎలా చిత్రించాలో చెప్పే హక్కు తమకు ఉందని వారు అనుకోవడంలో వింతేమీ లేదు. చిత్రం పైన బరువైన పుస్తకమో పత్రికో తెరిచి ఉంచుకొన్న ఆ ఇద్దరు స్త్రీలు ఈనాటి చూపరికి ఎంతో గంభీరంగా కనిపించవచ్చు. 1925 నాటి చూపరికి ఆ గాంభీర్యాన్ని చూడగలిగేటంత నిశ్చింత లేదు. ఇక్కడ గమనించదగిన విశేషం వేరే ఉంది. చిత్రం ముందే, చిత్రంలోని మనుషుల ఇరుగుపొరుగువారే లేచి అభ్యంతరం చెప్పగలిగారు. నగరంలోని పెద్ద మ్యూజియంలో వేలాడి ఉంటే వారి అభిప్రాయం అడిగేవారే ఉండరు.

ఆ సంవత్సరం మే నెలలో గ్రంథాలయం మూడో అంతస్తులో నీగ్రో సాహిత్య, చరిత్ర విభాగం ప్రారంభమైంది. పాఠకుల తాకిడికి అరుదైన పుస్తకాలు శిథిలమవుతుండటంతో వాటిని ఇళ్ళకు ఇవ్వడం మాని, అక్కడే కూర్చొని చదివే ఏర్పాటు చేశారు. 1926లో కార్నెగీ కార్పొరేషన్ 10,000 డాలర్లిచ్చి షోంబర్గ్ సేకరణను కొని ఈ విభాగానికి అప్పగించింది. 5,000కు పైగా పుస్తకాలు, 3,000 వ్రాతప్రతులు, 2,000 చెక్కుడు చిత్రాలు, రూపచిత్రాలు, వేలకొద్దీ కరపత్రాలు అందులో ఉన్నాయి. ఎరువుగా వచ్చి వెళ్ళిపోయే వస్తువులు ఇక స్థిరంగా నిలిచాయి. దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. ఇంటి అరలో ఉండి చేతులు మారుతూ వచ్చిన పుస్తకం తాళం వెనకకు చేరింది. గోడమీద కనిపించిన సమానత్వం సిబ్బంది పదోన్నతుల్లో వెంటనే కనిపించలేదు. గ్రంథపాలకురాలు రెజీనా ఆండర్సన్ పదోన్నతికోసం డుబాయిస్ స్వయంగా యాజమాన్యంతో లేఖల పోరాటం చేయవలసివచ్చింది.

సేకరణ అమ్మగా వచ్చిన సొమ్ముతో షోంబర్గ్ యూరప్ వెళ్ళాడు. ఆయన వెతికినది హువాన్ దె పరేహా అనే 17వ శతాబ్ది చిత్రకారుణ్ణి. పరేహా స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వద్ద బానిసగా ఉండి, విముక్తి పొంది, స్వతంత్రంగా చిత్రాలు గీసినవాడు. ఆయన చిత్రాన్ని మాడ్రిడ్‌లో చూసిన అనుభవాన్ని షోంబర్గ్ 1927లో క్రైసిస్ పత్రికలో రాశాడు. 2023లో న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం పరేహాపై ప్రదర్శన జరిపినప్పుడు షోంబర్గ్ అన్వేషణకు అందులో ప్రముఖస్థానం కల్పించింది. హార్లెంనుంచి ఆ మ్యూజియానికి దూరం కొద్ది మైళ్ళే. ఆ గుర్తింపు చేరడానికి 90 ఏళ్ళకు పైగా పట్టింది.

ఆర్థికమాంద్యం కాలంలో ప్రదర్శనశాల పాఠశాల కూడా అయింది. 1933లో హార్లెం ఆర్ట్ వర్క్‌షాప్ ఈ గ్రంథాలయం ఆధ్వర్యంలో తరగతులు నడిపింది. 1934లో ఫెడరల్ ప్రభుత్వ కళాపథకం కింద ఆరన్ డగ్లస్ ఈ శాఖకోసం 'ఆస్పెక్ట్స్ ఆఫ్ నీగ్రో లైఫ్' పేరుతో నాలుగు పెద్ద చిత్రాలు గీశాడు. డగ్లస్ వినోల్డ్ రైస్ శిష్యుడే. అయితే గురువు వ్యక్తుల ముఖాలను గీస్తే, శిష్యుడు ముఖకవళికలు లేని నీడలను గీశాడు. 1925 నాటి వివాదానికి ఇది ఒక విధమైన సమాధానంగా చదువుకోవచ్చు. ఫలానా ఉపాధ్యాయిని అందంగా ఉందా లేదా అన్న ప్రశ్నకు ఆ నీడల్లో తావు లేదు.

మొదటి చిత్రం ఆఫ్రికా నృత్యం. రెండోది బానిసత్వంనుంచి పునర్నిర్మాణ యుగం దాకా సాగుతుంది: విమోచన ప్రకటనకు సంబరపడే జనం, చేయెత్తి రాజధాని భవనాన్ని చూపే వక్త, వెనుదిరిగిపోతున్న సైనికులు, ముసుగుల గుర్రపురౌతులు. మూడో చిత్రం పేరు దక్షిణాది గ్రామీణ సుఖజీవనాన్ని సూచిస్తుంది. చిత్రంలో పాటగాళ్ళ పక్కనే ఉరితీసిన దేహం కింద మోకరిల్లి ఏడ్చేవారు కనిపిస్తారు. శీర్షికలోని వ్యంగ్యం పాఠకులకు వివరించనక్కరలేదు. సామూహిక హత్యలను నేరంగా పరిగణించే బిల్లు అదే 1934లో అమెరికన్ కాంగ్రెస్ ముందుకు వచ్చి చట్టం కాలేకపోయింది. కాంగ్రెస్ చట్టంగా చేయలేకపోయిన విషయాన్ని ఫెడరల్ సొమ్ముతో గీసిన చిత్రం పఠనమందిరంలో ప్రతిరోజూ చెబుతూ వచ్చింది. నాలుగో చిత్రంలో యంత్రచక్రం మీద నిలబడి సాక్సోఫోన్ ఎత్తిన వాద్యకారుడు, పెట్టె చేతబట్టి ఆ చక్రం మీదికి ఎగబాకే వలసజీవి కనిపిస్తారు. ఆ చిత్రాల దగ్గర కూర్చొని చదివేవారిలో అనేకులు అలా పెట్టె పట్టుకొని వచ్చినవారే.

జేకబ్ లారెన్స్ అనే కుర్రవాడు ఆర్ట్ వర్క్‌షాప్ తరగతుల్లో బొమ్మలు నేర్చుకొంటూ, మూడో అంతస్తులోని షోంబర్గ్ సేకరణలో చరిత్ర చదివాడు. 1938లో హైతీ విప్లవనాయకుడు తుసాఁ లూవెర్త్యూర్ జీవితాన్ని 41 చిత్రాలుగా, 1940-41లో దక్షిణాదినుంచి సాగిన మహావలసను 60 చిత్రాలుగా గీశాడు. ఒక్కొక్క చిత్రానికి కింద కొద్ది వాక్యాల వివరణ ఉంటుంది. గ్రంథాలయంలో కూర్చొని రాసుకొన్న నోట్సే ఆ వాక్యాలకు ఆధారం. మహావలస చిత్రాలను న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్ సగం సగం కొనుక్కొన్నాయి. సరిసంఖ్యలవి ఒకచోట, బేసిసంఖ్యలవి మరొకచోట ఉన్నాయి. ఒకే కథను వరుసగా చూడాలంటే రెండు నగరాల మ్యూజియాలూ ఒప్పుకొని ఒకచోట చేర్చవలసిందే. డగ్లస్ గీసిన నాలుగు చిత్రాలు మాత్రం షోంబర్గ్ సేకరణతో పాటే ఉన్నాయి. 1972లో పరిశోధన గ్రంథాలయంగా గుర్తింపు పొంది, 1980లో పక్కనే కట్టిన కొత్త భవనంలోకి మారిన షోంబర్గ్ కేంద్రానికి 1905 నాటి పాత భవనం ఇప్పటికీ అంటుకొనే ఉంది.