కాయకము: కల్యాణ నగరపు శ్రామికులు

పన్నెండవ శతాబ్ది నడుమ కల్యాణ నగరము కలచురి బిజ్జలుని యేలుబడిలో నుండెను. నేడు కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలో నున్న బసవకల్యాణమే ఆ నగరము. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే గనుక తెలంగాణమువారికి పరాయి యూరు కాదు. బిజ్జలుని కొలువులో భండారిగా, అనగా కోశాధికారిగా, నుండిన బసవేశ్వరుని చుట్టును అచట భక్తులు పలువురు చేరిరి. వారిలో పండితులు లేకపోలేదు. కాని మడివాలు మాచయ్య చాకలి. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. మేదర కేతయ్య గంపలల్లువాడు. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనువాడు.

వీరు తమ పనికి పెట్టుకొన్న పేరు కాయకము. కాయము శరీరము, దానితో చేయునది కాయకము. పొట్టకూటికై చేయు పని వేఱు, పుణ్యమునకై చేయు పూజ వేఱు అను తలపు లోకమున నాటుకొని యుండగా, వీరు ఆ రెంటి నడిమి గోడను పడగొట్టిరి. అట్లని ప్రతి పనియు కాయకము కానేరదు. పని కల్లాకపటములు లేక చేయవలెను. వచ్చినదానిలో తన గ్రాసమునకు పోగా మిగిలినది జంగములకును, ఆకొన్నవారికిని చెందవలెను. ఈ రెండవదానిని దాసోహ మనిరి.

ఆయ్దక్కి మారయ్య కథ ఇందులకు మంచి నిదర్శనము. ఆయ్దక్కి యనగా ఏఱుకొన్న బియ్యము. రాయచూరు సీమ నుండి వచ్చిన ఈ బీదవాడు బసవేశ్వరుని యింటి ముంగిట రాలిన గింజలను ఏఱి తెచ్చును. భార్య లక్కమ్మ వానిని వండి జంగములకు పెట్టి, పిదప తాము తినును. ఒకనాడు మారయ్య గోష్ఠిలో మైమఱచి కూర్చుండగా, కాయకమునకు వేళ మించుచున్నదని లక్కమ్మయే వచ్చి హెచ్చరించెనట. మఱియొకనాడు అతడు రోజుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆమె చూచి సంతోషింపలేదు. ఇది మన దినగ్రాసమునకు మించినది, తెచ్చినచోటనే పోసి రమ్మని మగనిని వెనుకకు పంపెను. దానమిచ్చువానికి కీర్తి వచ్చును. చేతికి వచ్చినదానిని అక్కఱ లేదని తిరిగి యిచ్చు పేదరాలిని పొగడువా రెవ్వరు? పైగా అవి నేల రాలిన గింజలు, ఒకరి సొత్తని అడుగువారును లేరు. నా మట్టుకు, ఆ కాలపు రాజుల దానశాసనము లన్నిటికంటె ఈ చేటెడు బియ్యము బరువైనది.

చందయ్య కథలో కొంత చమత్కారము కలదు. గడ్డి కోయుచుండగా మెడలోని లింగము జారి నీట పడెను. అతడు వెనుదిరిగి చూడక పని సాగించెను; లింగమే వెంటబడి బతిమాలెనట. తుదకు మాచయ్య సంధి కుదిర్చెను. త్రాళ్లమ్ము పని లింగదేవునికి పడెను! ఈ కథలు పదునైదవ శతాబ్దిలో కూర్చబడిన శూన్యసంపాదనమున కానవచ్చును గనుక, జరిగినది జరిగినట్లని చెప్పరాదు. కాని ఒక సమాజము దేనిని గౌరవించినదో వీనివలన తెలియును.

పెద్ద ఉద్యోగికిని ఇదే నియమము. బసవేశ్వరుడు రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెములు పుట్టెను. సభలో లెక్క పెట్టి చూడగా కొదువ లేకపోయె నని బసవపురాణము చెప్పును. పురాణకర్త దానిని మహిమగా వర్ణించెను. మహిమ సంగతి యెట్లున్నను, మంత్రియంతటివాడు నిండుసభలో పెట్టె తెఱచి లెక్క యొప్పజెప్పుట గమనింపదగినది.

ఈ సమత ఎక్కువ కాలము నిలువలేదు. బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెను చర్మకారుడైన హరళయ్య కుమారునికిచ్చి పెండ్లి చేయగా, రాజు ఆ తండ్రు లిరువురను చంపించె నని పరంపరగా చెప్పుదురు. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. భక్తులు నగరము విడిచి చెదరిపోయిరి.

వారి చరిత్రమును కావ్యముగా కూర్చినవారిలో తెలుగువా డొకడు కలడు. పాల్కురికి సోమనాథుడు పండితుల వృత్తములను కాదని, జనులు పాడుకొను ద్విపదలో బసవపురాణము రచించెను. 1369లో భీమకవి దానినే కన్నడము చేసెను. కన్నడనాటి చాకలి, కన్నడనాటి భండారి తెలుగు ద్విపదలో నడిచి మరల తమ యింటికి చేరిరి. కాయకము చేసినవారు తమ నోట చెప్పిన వచనములు మాత్రము వేఱుగా నిలిచినవి. వానిలో పడవవాడు చౌడయ్యవి కలవు, లక్కమ్మవియు కలవు.