తగినంత

సంక్రాంతి నెల పట్టగానే వారపత్రికల్లో ముగ్గుల పేజీ వస్తుంది. మన ఇళ్ళల్లో ఆ పేజీ బతికి బట్టకట్టదు. పత్రిక గుమ్మంలో పడటమే ఆలస్యం, ఎవరో ఒకరు కత్తెర పుచ్చుకుంటారు. వెనకవైపు సీరియల్ సగం తెగిపోయి, నాయిక బావిలో దూకిందో లేదో తెలియకపోయినా సరే, ముగ్గు మాత్రం ట్రంకుపెట్టెలోకి చేరాల్సిందే. అందులో అంత విలువైనది ఏమిటంటారు? బొమ్మ కాదు. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉండే ఒక్క వాక్యం: "15 చుక్కలు, 8 వచ్చేవరకు సందుచుక్క." అది లేకపోతే ముగ్గు చూసి మెచ్చుకోవడానికే గాని వాకిట్లో వెయ్యడానికి పనికిరాదు.

ఇంగ్లండులో మగవాళ్ళకి కూడా ఇలాంటి ట్రంకుపెట్టెలు ఉన్నాయనీ, వాటి వెనక వందేళ్ళు దాటిన చరిత్ర ఉందనీ తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. వాళ్ళవి ముగ్గులు కావు, రైళ్ళు. బల్లమీద పట్టాలు పరిచి, స్టేషను కట్టి, సిగ్నలు నిలబెట్టి, అరచేతిలో ఇమిడే ఇంజన్లు నడుపుతారు. ఆటబొమ్మలని మాత్రం వాళ్ళ దగ్గర అనకండి, చిన్నబుచ్చుకుంటారు. అసలు రైలు ఎలా ఉంటుందో, పట్టాల కింద స్లీపర్ల ఎడంతో సహా, అలాగే దించాలని వాళ్ళ పట్టుదల. అలాంటివాడికి పత్రికలో ఏం కావాలి? అక్కడి పత్రికలు ఎలా మారుతూ వచ్చాయో చూస్తే జవాబు దొరుకుతుంది.

మొదట్లో ఇది కలిగినవారి సరదా. నార్తాంప్టన్‌లో బాసెట్-లోక్ అనే ఆయన మేలురకం రైలు నమూనాలు అమ్మేవాడు. హెన్రీ గ్రీన్లీ అనే ఇంజనీరు ఆయనకు తోడు. వీళ్ళు పూనుకోగా 1909లో 'మోడల్స్, రైల్వేస్ అండ్ లోకోమోటివ్స్' అనే పత్రిక వచ్చింది. సరుకు అమ్మేవారి చెయ్యి ఉన్న పత్రిక గనక, చదివినవాడికి కొనబుద్ధి పుట్టడం సహజమే కదా! తర్వాత 1925లో 'మోడల్ రైల్వే న్యూస్' బయలుదేరింది. 1898 నుంచి 'మోడల్ ఇంజనీర్' నడుపుతున్న పెర్సివల్ మార్షలే దీన్నీ తెచ్చాడు. 1934లో 'మోడల్ రైల్వే కన్‌స్ట్రక్టర్' వచ్చింది. అమెరికాలో మిల్వాకీ నుంచి ఆల్ కాల్మ్‌బాక్ 'మోడల్ రైల్‌రోడర్' మొదలుపెట్టింది కూడా ఆ ఏడే.

కాని అప్పట్లో ఎక్కువగా నడిచిన రైళ్ళకి పట్టాల మధ్య ఎడం అంగుళంబావు. రైలు ఒక చుట్టు తిరగాలంటే హాలంతా ఖాళీ చెయ్యాలి. మామూలు గుమాస్తా ఇంట్లో కుదిరే పనేనా? 1938లో మెకానో కంపెనీ 'హోర్న్‌బీ డబ్లో' పేరుతో దాదాపు సగం సైజు రైళ్ళు తెచ్చింది. ఇంతలో యుద్ధం వచ్చిపడింది. యుద్ధం ముగిశాక సరుకుకి కటకట, ఇళ్ళకి కటకట. అదుగో, అలాంటి రోజుల్లో, 1949లో, 'రైల్వే మోడలర్' వచ్చింది. కొద్దికాలానికే దాన్ని సిడ్నీ ప్రిచర్డ్ కొన్నాడు. ఈయనకి బొమ్మరైళ్ళ పట్టాలు తయారుచేసే పీకో కంపెనీ ఉంది. మళ్ళీ అమ్మేవారి చేతిలోనే పడిందన్నమాట. అయినా అది పాఠకులకి ఇంటిమనిషి అయిందంటే ఆ గొప్ప సిరిల్ ఫ్రీజర్ అనే సంపాదకుడిది. 1978 దాకా ఆయనే నడిపాడు. 'సగటు అభిమాని కోసం' అన్నది ఆ పత్రిక చెప్పుకున్న మాట.

సగటు అభిమానికి ఏం కావాలో ఫ్రీజర్ కనిపెట్టాడు. నెలనెలా ఒక మామూలు మనిషి తన ఇంట్లో కట్టుకున్న రైలుమార్గాన్ని 'ఈ నెల రైల్వే' అని వేసేవారు. గది పొడవెంత, వెడల్పెంత, బల్లకి ఏ చెక్క వాడాడు, పట్టాలు ఏ వంపులో తిరిగాయి, అన్నీ పటంతో సహా ఉండాలి. ఎక్కడ పప్పులో కాలేసిందీ కూడా చెప్పాలి. గొప్పలతో పాటు తిప్పలూ అన్నమాట. ఆ తిప్పల కోసమే చాలామంది చదివేవారని నా ఊహ. పక్కింటి పిన్నిగారు అరిసెల పాకం చెడిన వైనం చెబితేనే కదా, మనది ఎందుకు చెడిందో తెలిసేది!

1957లో ఫ్రీజర్ 'మైనోరీస్' అని ఒక పటం వేశాడు. లండన్‌లో ఒక వీధి పేరది. సుమారు ఏడడుగుల పొడవు, మధ్యలో మడిచి దాచేసుకోవచ్చు, అంతలోనే ఒక పెద్ద పట్నపు స్టేషను హడావిడంతా పట్టేలా పట్టాలు కుదిర్చాడు. ఆ పటాన్ని చూసి కట్టినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. జాగా లేదని దిగులుపడేవాడికి "నీకున్న జాగాలోనే అవుతుంది, ఇదుగో కొలత" అని చెప్పడం కన్నా పత్రిక చెయ్యగల మేలేముంది?

ఆ వ్యాసాల్లో తరచుగా 'ఇంటి అధికారుల అనుమతి' అనే మాట తగులుతుంది. ఏ మునిసిపాలిటీవారో అనుకునేరు! అధికారులంటే భార్య. పడగ్గదిలో సగం రైలుకి ఇవ్వవలసింది ఆవిడ కదా. ఆవిడ పేరు ఎక్కడా ఉండదు. భోజనాలబల్ల మీద జిగురు మరకలు తుడిచింది ఎవరో చరిత్రకి అక్కర్లేదు కాబోలు!

ఈ పాఠకుల్లో మతగురువులు కూడా ఉన్నారు. పీటర్ డెన్నీ అనే పాస్టరుగారు బకింగ్‌హామ్ అనే ఊరికి ఊహలో ఒక రైలుమార్గం వేసి, ఏళ్ళ తరబడి దాన్ని గురించి పత్రికలకి రాశాడు. ఆయన కొడుకు క్రిస్పిన్ అవతలి స్టేషనులో రైళ్ళు అందుకుని పంపేవాడు. కొడుకు దగ్గర లేనప్పుడు ఎలా? ఆ పని తనంతట తనే చేసే యంత్రం ఒకటి తయారుచేసి, దానికి 'ఆటోమేటిక్ క్రిస్పిన్' అని పేరు పెట్టాడు తండ్రి. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక ఇంట్లో ఎంత వెలితి ఉంటుందో ఆ పేరే చెబుతుంది.

తగువులు లేవా అంటే, లేకేం! అక్కడ ఎక్కువమంది కొలత అసలు అడుగుకి 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన పట్టాల మధ్య 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. బజార్లో దొరికేది 16.5. ఎందుకంటే బ్రిటిష్ ఇంజన్లు యూరపు ఇంజన్ల కన్నా సన్నం. తొలినాటి మోటార్లు వాటి కడుపులో పట్టక, పట్టాలు అలాగే ఉంచి ఇంజన్ని కాస్త పెద్దది చేశారు. ఈ రెండు మిల్లీమీటర్ల చిల్లర కోసం ఉత్తరాల పేజీల్లో దశాబ్దాల పాటు కాట్లాడుకున్నారు. 1966లో కొందరు 'ప్రోటోఫోర్' అని అసలు కొలత ప్రకారమే కట్టడం మొదలుపెట్టారు కూడా. రెండు మిల్లీమీటర్లకి ఇంత రాద్ధాంతమా అని మనం నవ్వొచ్చు. కాని ఆ పట్టింపు వట్టి చాదస్తం కాదని 1963 చెప్పింది.

ఆ ఏడాది మార్చిలో డాక్టర్ బీచింగ్ నివేదిక వెలువడింది. బ్రిటిష్ రైల్వేకి నష్టాలు తగ్గాలంటే సుమారు 5,000 మైళ్ళ మార్గం, 2,363 స్టేషన్లు మూసెయ్యాలన్నాడాయన. అన్నీ కాకపోయినా చాలావరకు మూసేశారు. డెన్నీగారు ఊహించిన రైలు అటుంచి, అసలు బకింగ్‌హామ్‌కి ఉన్న రైలు కూడా 1964లో ప్రయాణికులకి ఆగిపోయింది. పల్లె స్టేషన్లలో పట్టాలు పీకేశారు, గోదాములు కూల్చేశారు. అయితే అంతకుముందే ఎవరో ఒకాయన సెలవురోజున టేపు పట్టుకెళ్ళి, ఒక స్టేషను అరుగు ఎత్తు, గోదాము తలుపు వెడల్పు, సిగ్నలు స్తంభం పొడవు కొలిచి, గీసి పత్రికకి పంపాడు. తన బల్ల మీద కట్టుకోవడానికి చేసిన పని అది. తీరా చూస్తే ఆ కట్టడానికి మిగిలిన గుర్తు ఆ గీత ఒక్కటే.

రాయ్ ఇంగ్లండ్ కథ కూడా ఇలాంటిదే. 1925లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈయన, ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గరి పల్లెల్లో గడ్డికప్పుల పాత ఇళ్ళు మారిపోవడం చూసి ఓర్చుకోలేకపోయాడు. ఇంటింటినీ కొలిచి అదే 4 మిల్లీమీటర్ల లెక్కన కట్టసాగాడు. 1954లో లాంగ్ విటెన్‌హామ్‌లో మొదలైన ఆయన పెండన్ మ్యూజియంలో ఆ పల్లె ఇప్పటికీ ఉంది.

పత్రికల్లోనూ అన్నీ నిలవలేదు. 'కన్‌స్ట్రక్టర్' 1987లో ఆగిపోయింది. 'రైల్వే మోడలర్' మాత్రం నేటికీ నెలనెలా వస్తోంది. కొత్త ఇంజన్ల కబుర్లు ఫోనులో క్షణంలో తెలిసే ఈ రోజుల్లో కూడా పాత సంచికలు దాచుకునేవాళ్ళున్నారు. కబురు పాతబడుతుంది గాని, కొలత పాతబడదు.

మా అమ్మమ్మ మాగాయ పెడితే వీధి చివరికి వాసన వచ్చేది. "ఉప్పెంత అమ్మమ్మా?" అంటే "తగినంత" అనేది. "కారమో?" "అదీ తగినంతే." ఆ చేతికి తెలిసిన లెక్కని అడిగి రాసుకోవాలని మాకెవరికీ తోచలేదు. ఆవిడతో పాటే ఆ 'తగినంత' కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏటా వేసవిలో నేను పెట్టేది మాగాయే, కాని అది కాదు.

అందుకే ఆ టేపు పట్టుకుని స్టేషన్ల వెంట తిరిగినవాళ్ళని చూసి నవ్వడం మానేశాను. మీ ఇంట్లో ఇంకా 'తగినంత' అనే పెద్దవాళ్ళుంటే, ఈ మధ్యాహ్నమే ఒక గిద్దా, ఒక సోలా పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చోండి.